పెద్దమాటలను తెనిగించడం ఎలా?

జర్మను తత్త్వశాస్త్రంతో మనకేమి పని అని కొందరు చదువరులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మనం ఫిజీ చెరకు తోటల్లో పనిచేసినవారి మనుమలం, మునిమనుమలం. పిల్లలకు తెలుగులో రెండు పద్యాలు, నాలుగు వరుసల పేర్లు నేర్పడానికే సంఘం తరగతుల్లో శ్రమపడుతున్నాము. అటువంటప్పుడు హోర్క్‌హైమర్, ఆడోర్నో, హాబర్మాస్ అనే పేర్లు మన పత్రికలోకి ఎందుకు రావాలి? రెండు కారణాలు చెబుతాను. మొదటిది, ఆ తత్త్వవేత్తలతో తగవుపడిన ప్రసిద్ధ ప్రత్యర్థి తన ముఖ్యగ్రంథాన్ని మనం ఉంటున్న ఈ న్యూజిలాండులోనే రాశాడు. రెండవది, ఆ తగవులో ఒక భాగం మాటల గురించినది. కఠినమైన ఆలోచనను తేలిక మాటల్లో చెప్పవచ్చునా? చెబితే ఏది నిలుస్తుంది, ఏది పోతుంది? రెండు మూడు భాషల నడుమ బతికే మనకు ఇది పరాయి తగవు కాదు.

ఆ ప్రత్యర్థి పేరు కార్ల్ పాప్పర్. వియన్నా నగరవాసి, యూదు వంశంలో పుట్టినవాడు. 1937లో ఈ దేశం వచ్చి, క్రైస్ట్‌చర్చిలోని కాంటర్బరీ యూనివర్సిటీ కాలేజీలో తత్త్వశాస్త్రం బోధించాడు. 1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించినప్పుడు, నిరంకుశత్వం మూలాలను పరిశీలించే గ్రంథం ఒకటి రాయాలని నిశ్చయించుకున్నాడు. 'తెరచిన సమాజము, దాని శత్రువులు' అని మనం చెప్పుకోదగిన ఆ గ్రంథం 1945లో లండనులో రెండు సంపుటాలుగా అచ్చయింది. మనం గమనించవలసిన సంగతి ఏమంటే, ఆయన దానిని తల్లిభాషలో రాయలేదు, ఇంగ్లీషులో రాశాడు. భార్య హెన్నీ టైపు చేసింది. ఇంగ్లీషు వాక్యాలను తేటపరచడంలో మార్గరెట్ డాల్జియెల్ సాయపడింది. జర్మను మాట్లాడే మనిషి రాసిన పుస్తకాన్ని 1957, 58లో మరొకరు, పాల్ ఫయరాబెండ్, జర్మనులోకి అనువదించవలసి వచ్చింది.

దాదాపు ఆ కాలంలోనే ఆక్లండులో మరొక ప్రవాసి ఉన్నాడు. కార్ల్ వోల్ఫ్‌స్కేల్ అనే జర్మను యూదు కవి 1938లో వచ్చి, 1948లో చనిపోయేవరకు ఇక్కడే ఉన్నాడు. చూపు దాదాపు పోయినా జర్మనులోనే కవిత్వం చెప్పాడు. ఆయన సమాధి వైకుమేటే శ్మశానంలో ఉంది. ఒకరు భాష మార్చుకుని లోకానికి వినిపించారు. ఇంకొకరు భాషను విడువక, చుట్టూ వినేవారు లేకపోయినా పాడారు. మన కుటుంబాల్లోనూ ఈ ఇద్దరి వంటివారు ఉన్నారు గదా!

ఇక తగవు సంగతి. ఫ్రాంక్‌ఫర్టులో 1923లో స్థాపించిన సామాజిక పరిశోధన సంస్థ చుట్టూ చేరిన ఆలోచనాపరులను ఫ్రాంక్‌ఫర్టు శాఖ అంటారు. 1937లో మాక్స్ హోర్క్‌హైమర్ రాసిన ఒక వ్యాసంతో వారి మార్గానికి 'విమర్శనాత్మక సిద్ధాంతం' అనే పేరు స్థిరపడింది. సమాజాన్ని ఉన్నదున్నట్టు వర్ణించి ఊరుకోక, అది మనుషులను ఏం చేస్తున్నదో అడగడం శాస్త్రం పని అని వారి వాదం. నాజీల వల్ల వీరూ దేశం విడిచి అమెరికా చేరారు. యుద్ధం తరువాత హోర్క్‌హైమర్, ఆడోర్నో ఫ్రాంక్‌ఫర్టుకు తిరిగి వెళ్లారు. 1961లో ట్యూబింగెన్ నగరంలో సమాజశాస్త్రజ్ఞుల సమావేశంలో పాప్పర్ ఇరవైయేడు సూత్రాలుగా తన మాట చెప్పగా, ఆడోర్నో బదులు చెప్పాడు. తరువాత హాబర్మాస్ మొదలైనవారు చేరారు. ఆ వ్యాసాలన్నీ 1969లో జర్మనులోను, 1976లో ఇంగ్లీషులోను పుస్తకంగా వచ్చాయి.

1971లో పాప్పర్ వ్యాసమొకటి 'డీ ట్సైట్' అనే జర్మను వారపత్రికలో వెలువడింది. పెద్దమాటలకు వ్యతిరేకంగా అన్నది దాని శీర్షిక భావం. అందులో ఆయన పుటను రెండు నిలువు వరుసలు చేశాడు. ఎడమవైపు హాబర్మాస్ వాక్యాలు. కుడివైపు వాటికి తన 'అనువాదం'. జర్మను నుంచి జర్మనులోకే అనువాదం అన్నమాట! ఎడమవైపు గంభీరంగా సాగిన వాక్యం కుడివైపుకు వచ్చేసరికి ప్రతివారికీ తెలిసిన మామూలు సంగతిగానో, అర్థం లేనిదిగానో తేలిపోతుంది. చదివినవారికి నవ్వు వస్తుంది. చదువుకున్నవాడు తన చదువును అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి, అలా చెప్పలేకపోతే ఇంకా కృషి చెయ్యాలి అని ఆయన పట్టుదల.

ఈ పట్టుదలలో న్యాయం ఉంది. తెలుగులో గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసం పోరాడినది ఇందుకే. పండితులకు మాత్రమే తెలిసే భాషలో చదువు చెబితే, చదువు పండితుల ఇంటి సొత్తుగానే ఉంటుంది. మార్క్సు గ్రంథాన్ని 1978 మొదలు తెలుగు పాఠకులకు అందించిన రంగనాయకమ్మ గారి కృషి కూడా ఈ కోవలోనిదే. దానికి ఆమె పెట్టిన పేరు చూడండి: 'మార్క్స్ కాపిటల్ పరిచయం'. అనువాదం అనలేదు, పరిచయం అన్నారు. తాను చేసిన పనికి సరైన పేరు పెట్టారు. పరిచయం చేసేవారు ఉదాహరణలు కలపవచ్చు, వాదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పవచ్చు. అలా చేస్తున్నామని చదువరికి ముందే తెలియాలి. పాప్పర్ రెండవ వరుసకు 'అనువాదం' అని పేరు పెట్టాడు. కొటేషను గుర్తుల నడుమ పెట్టినా, చదువరి మనసులో అది అనువాదంగానే పనిచేస్తుంది. నా మొదటి అభ్యంతరం అది.

రెండవ అభ్యంతరం ఇంకా లోతైనది. తేలికమాట అన్నివేళలా నిజమైన మాట కాదు. దీనికి జర్మనీ దాకా పోనక్కరలేదు, మన సొంత చరిత్రే సాక్ష్యం.

1879 నుంచి 1916 వరకు భారతదేశం నుంచి అరవై వేలకు పైగా మనుషులను ఫిజీకి తెచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా మన తెలుగువారూ వచ్చారు. అయిదేళ్ల పనికి వేలిముద్ర వేయించుకున్న ఆ కాగితం పేరు ఇంగ్లీషులో అగ్రిమెంటు. మనవారి నోట అది గిర్మిట్ అయింది. ఇప్పుడు ఆ గిర్మిట్‌ను తేలిక తెలుగులోకి మార్చమంటే ఏమంటారు? 'ఒప్పందం' అంటారు. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. కాని ఒప్పందం అన్న మాటలో 'ఒప్పు' ఉన్నది. ఇద్దరూ సమానంగా కూర్చుని ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. పనికి రాకపోతే, ఇచ్చిన పని ముగించకపోతే జరిమానా, జైలు. మామూలు ఒప్పందం తప్పితే సివిలు కోర్టులో దావా వేస్తారు గాని, కూలివాణ్ణి జైలులో పెట్టరు. కనుక 'ఒప్పందం' అనే తేటమాట ఆ కాగితంలోని బలవంతాన్ని కప్పివేస్తుంది. 'గిర్మిట్' అనే విరిగిన మాట దానిని చూపుతుంది. చదువురాని మన పెద్దలు తమకు జరిగిన దానికి తామే ఒక భావనను నిర్మించుకుని పేరు పెట్టారు. తత్త్వవేత్తలు చేసేదీ ఈ పనే.

ఫ్రాంక్‌ఫర్టు వారి పుస్తకాల్లో ఇటువంటి ఉదాహరణే ఉంది. హోర్క్‌హైమర్, ఆడోర్నో కలిసి రాసిన 'ఔఫ్‌క్లేరుంగ్ గతితర్కం' 1944లో పరిమిత ప్రతులుగాను, 1947లో ఆంస్టర్‌డాంలో అచ్చుపుస్తకంగాను వచ్చింది. అందులో సినిమాలు, రేడియో పాటలు మొదలైనవాటి గురించి రాస్తూ వారు 'సంస్కృతి పరిశ్రమ' అనే కొత్తమాట వాడారు. మొదట తమ చిత్తుప్రతుల్లో 'జనసంస్కృతి' అనే అర్థం గల మాట ఉండేదని, అది జనం నుంచి తనంతట పుట్టినదని పొరబడే వీలున్నందున దానిని తీసివేశామని 1963లో ఆడోర్నో వివరించాడు. ఇక్కడ తేలికమాట అబద్ధం చెబుతోంది, బరువైన మాట నిజం చెబుతోంది. పాప్పర్ పద్ధతిలో దీనిని మళ్లీ 'జనసంస్కృతి' అని సరళం చేస్తే వాదమే పోతుంది.

ఆ గ్రంథకర్తలకు దీనికి ఎదురైన పాఠం కూడా ఉంది. 1944 ప్రతికీ 1947 ప్రతికీ నడుమ వారు మార్క్సు పరిభాష స్పష్టంగా కనిపించే మాటలను చాలాచోట్ల మెత్తబరిచారు. 1972లో జాన్ కమింగ్ చేసిన మొదటి ఇంగ్లీషు అనువాదంలో ఆ తేడాలు తెలియవు. 2002లో ఎడ్మండ్ జెఫ్‌కాట్ చేసిన అనువాదంలో ఆ పాఠభేదాలను చూపారు. ఇటువంటి పుస్తకానికి మొదటి కర్తవ్యం అందమైన వాక్యం కాదని, ఏ మాట స్థానంలో ఏ మాట వచ్చిందో దాచకపోవడమని నా అభిప్రాయం.

దాస్తే ఏమవుతుందో ఈ దేశపు చరిత్రే చెబుతుంది. 1840 ఫిబ్రవరిలో వైటాంగి ఒడంబడికను హెన్రీ విలియమ్స్ అనే మిషనరీ, ఆయన కుమారుడు ఎడ్వర్డు ఒక్కరాత్రిలో మావోరి భాషలోకి మార్చారు. ఇంగ్లీషు పాఠంలో సార్వభౌమాధికారం అన్నచోట 'కావనతంగ' అని రాశారు. గవర్నరు అన్న ఇంగ్లీషు మాట మావోరి నోట 'కావన' అయింది, దాని నుంచి వచ్చినదే ఈ పదం. గవర్నరుగిరి అనుకోండి. రెండవ నిబంధనలో మావోరి నాయకుల పెద్దరికాన్ని తెలిపే 'రంగతిరతంగ' వారికే ఉంటుందని రాశారు. కాని 1835లో స్వాతంత్ర్య ప్రకటన రాసినప్పుడు ఆ సర్వాధికారానికే 'మన' అనే బలమైన మావోరి పదాన్ని వాడి ఉన్నారు. అయిదేళ్ల తరువాత ఆ పదం ఎందుకు రాలేదో పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. ఆ ఫిబ్రవరిలో సంతకం చేసిన నాయకులు సార్వభౌమత్వాన్ని వదులుకోలేదని వైటాంగి ట్రిబ్యునల్ 2014లో తేల్చింది. ఒక్క భావాన్ని తేలికమాటలో పెట్టినందుకు నూటడెబ్బై ఏళ్లు దాటినా లెక్క తేలలేదు. తత్త్వానువాదం పండితుల కాలక్షేపం అనుకునేవారు ఈ సంగతిని ఆలోచించాలి.

ఇప్పుడు తెలుగుకు వద్దాము. ఆ జర్మను పుస్తకం పేరులో ఉన్న 'ఔఫ్‌క్లేరుంగ్' అన్న మాటకు మనకు సిద్ధంగా ఉన్న మాట 'జ్ఞానోదయం'. కాని ఈ మాట వినగానే తెలుగువాడికి బోధివృక్షం కింద బుద్ధుడు కనబడతాడు. లేదా, "ఇప్పటికి నీకు జ్ఞానోదయమైందా!" అనే ఎత్తిపొడుపు వినబడుతుంది. 1784లో కాంటు ఈ మాటకు అర్థం చెప్పినప్పుడు ఒక మహాత్ముడి అంతరంగ అనుభూతిని ఉద్దేశించలేదు. మామూలు మనుషులు ఒకరి చెయ్యి పట్టుకోకుండా, నలుగురి ఎదుట సొంతబుద్ధితో ఆలోచించడాన్ని ఉద్దేశించాడు. జర్మను మాటలో 'తేట' అనే అర్థం ఉంది. మబ్బు విడి ఆకాశం తేటపడినప్పుడు కూడా వారు ఆ క్రియనే వాడతారు. మన 'తేటపడటం' దానికి ఎంతో దగ్గర. బురదనీరు తేటపడుతుంది, ఆకాశం తేటపడుతుంది, మనసూ తేటపడుతుంది.

'గతితర్కం' తెలుగులో స్థిరపడిన మాట. గతి ఉంది, తర్కం ఉంది. అయితే గ్రీకు మూలంలో ఇద్దరు మాట్లాడుకోవడం అనే అర్థం కూడా ఉంది. అది తెలుగులో వినబడదు. ఇక 1966లో ఆడోర్నో రాసిన గ్రంథం పేరులో దీనికి ముందు 'నెగెటివ్' చేరుతుంది. 'నిషేధ గతితర్కం' అంటే మద్యనిషేధం గుర్తుకు వస్తుంది. 'నేతి' అందామంటే ఉపనిషత్తు మార్గంలోకి పోతాము. అక్కడ కాదు కాదంటూ పోయినవాడికి చివర ఒక విశ్రాంతి స్థానం ఉంది. ఆడోర్నో అటువంటి విశ్రాంతిని ఒప్పుకోడు. భావన ఎంత గొప్పదైనా వస్తువు అందులో పూర్తిగా ఇమడదని, ఆ మిగిలినదాన్ని మరిచిపోరాదని ఆయన వాదం. అందుచేత 'కాదనే గతితర్కం' అనడం మేలని నాకు తోస్తుంది. సొగసుగా లేదు, కాని దారి తప్పించదు.

మరి హెగెల్ మాట 'ఔఫ్‌హేబెన్' ఉన్నదే, దీనిని అనువదించలేక ఇంగ్లీషువారు లాటిను నుంచి ఎవరూ మాట్లాడని పదం తెచ్చిపెట్టుకున్నారు. రద్దుచేయడం, భద్రపరచడం, పైకి లేపడం అనే మూడర్థాలు అందులో ఒక్కసారే ఉన్నాయి. సంస్కృత సమాసాల కోసం వెతకకుండా మన వంటింటి తెలుగు వినండి. బిందె ఎత్తుతాము. పన్ను ఎత్తివేస్తారు. విత్తనాలు ఎత్తిపెడతాము. లేపడం, రద్దుచేయడం, దాచడం మూడూ 'ఎత్తు' అన్న ఒక్క ధాతువులోనే ఉన్నాయి! హెగెల్ తన భాషలో ఇటువంటి మాట ఉన్నందుకు సంతోషించాడు. మనమూ సంతోషించవచ్చు. తెలుగు పూజకు, పాటకు చాలునుగాని ఆలోచనకు చాలదు అనేవారికి ఇది నా జవాబు.

అయితే ప్రతి పరాయిమాటకూ ఇంటిమాట దొరకదు. దొరకనప్పుడు పరాయిమాటనే ఉంచుకోవాలి. 1959లో ఆడోర్నో పరభాషాపదాల గురించి ఒక వ్యాసం రాశాడు. తన రేడియో ప్రసంగంలో పరాయిమాటలు ఎక్కువైనాయని శ్రోతలు ఆక్షేపిస్తూ ఉత్తరాలు రాయగా, దానికి ఇచ్చిన సమాధానమది. పరాయిమాట వాక్యంలో కలిసిపోకుండా అడ్డుపడుతుంది, ఆ అడ్డువల్లనే చదువరి ఆగి ఆలోచిస్తాడు అన్నది ఆయన వాదం. భాషను శుద్ధిచేయాలనే కోరికకు, బయటివారిని వెళ్లగొట్టాలనే కోరికకు ఉన్న చుట్టరికాన్ని ఆయన బాగా ఎరుగును. 1987లోను, 2000లోను ఫిజీలో జరిగిన కుట్రల తరువాత మూటాముల్లె సర్దుకుని ఈ తీరం చేరినవారికి ఆ చుట్టరికం గురించి వేరే చెప్పనక్కరలేదు.

అంతమాత్రాన ఆడోర్నోను పూర్తిగా సమర్థించను. ఆయన పరాయిమాటను గుమ్మంలో నిలబెట్టి, అది ఎవరో చెప్పకుండా లోపలికి పోతాడు. చదువున్నవాడు గుర్తుపడతాడు, కూలివాడు బయటే ఉండిపోతాడు. గిర్మిట్ అనే మాట అలా కాదు. ఏ ముసలమ్మను అడిగినా దాని అర్థం కథగా చెప్పేది. పరాయిమాటను ఉంచుకోవాలి, దాని కథ కూడా చెప్పాలి. పాప్పర్ కోరిన స్పష్టత ఇక్కడ అక్కరకు వస్తుంది. అయితే అది మాట స్థానంలో రాకూడదు, మాట పక్కన రావాలి.

మన పూర్వకవులు ఈ బాధను ఎరుగుదురు. భారతాన్ని అంత విస్తారంగా తెనిగించిన తిక్కన, భీష్మపర్వంలో భగవద్గీత వచ్చేసరికి దానిని ఎంతో కుదించాడు. కథ నడకకోసం అలా చేశాడని కొందరంటారు. కారణం ఏదైనా, కథను తెనిగించడం వేరు, తత్త్వాన్ని తెనిగించడం వేరు అని మాత్రం తెలుస్తున్నది.

ఇదంతా మన సంఘానికి ఎందుకు ముఖ్యమో చెప్పి ముగిస్తాను. నేను బడిలో ఇంగ్లీషులో పాఠాలు చెప్పేవాణ్ణి, తెలుగును సంఘం వారి సాయంకాలపు తరగతుల్లో నేర్చుకున్నవాణ్ణి. ఆ తరగతుల్లో మన పిల్లలు నేర్చుకునే తెలుగులో పండుగలున్నాయి, పిండివంటలున్నాయి, వేదికమీది పాటలున్నాయి. అవి ఉండవలసినవే. కాని పదహారేళ్ల పిల్ల "న్యాయమంటే ఏమిటి, స్వేచ్ఛ అంటే ఏమిటి" అని అడగవలసి వచ్చినప్పుడు ఇంగ్లీషుకు మారుతుంది. తెలుగు ప్రదర్శనకు, ఇంగ్లీషు ఆలోచనకు అని పని పంచుకుంటే, ఫ్రాంక్‌ఫర్టు వారు సంస్కృతి పరిశ్రమ అన్నది మన చిన్న హాలులోనే మొదలవుతుంది. టికెట్టు కొని చూసి వచ్చే తెలుగు మాత్రం మిగులుతుంది.

దీనికి పెద్ద గ్రంథాలు అక్కరలేదు. పై తరగతి పిల్లలతో నెలకొక సాయంకాలం ఒక్క మాటను తీసుకుందాము. పాప్పర్ చేసినట్టే నల్లబల్లమీద నిలువు గీత గీద్దాము, కాని రెండు గళ్లకు బదులు మూడు గళ్లు పెడదాము. మొదటి గడిలో మూలమాట. రెండవ గడిలో మనకు తోచిన తెలుగుమాట. మూడవ గడిలో, ఆ తెలుగుమాట దేనిని దాచిందో, దేనిని కొత్తగా చేర్చిందో రాయాలి. ఆ మూడవ గడిని నింపేటప్పుడు పిల్లలు ఏ భాష మాట్లాడినా సరే, మధ్యలో ఇంగ్లీషు వచ్చినా, హిందీ వచ్చినా కసరవద్దు. మొదటి సాయంకాలానికి గిర్మిట్ అనే మాటతోనే మొదలుపెడదామని, ఇళ్లలో ఉన్న పెద్దలను కూడా ఆ రోజు పిలుద్దామని నా సూచన. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తమ అభిప్రాయాలను పత్రికకు రాయగోరుతున్నాను.